సాలెఱిగిన యంత్రములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఐదెకరములో పదియెకరములో కూరగాయలు పండించి, వారమునకొకనాడు దాపునగల పట్టణపు సంతలో అమ్ముకొని జీవించు చిన్న రైతు, ట్రాక్టరు కావలసి వచ్చినప్పుడు, క్రొత్త యంత్రములు నిలిపియుంచిన దుకాణముల దెసకు పోవుట అరుదు. పొగాకు సేద్యము మానిన పల్లెలలోని పాకలకును, వృద్ధులైన రైతులు వ్యవసాయము విరమించి సామగ్రినంతయు వేలము వేయు లోగిళ్ళకును అతడు పోవును. పోయి, 1948లోనో 1952లోనో తయారై, రంగు వెలిసి, నిర్మించిన సంస్థయే గతించిన యొక చిన్న యంత్రమును వెదకి బేరమాడి తెచ్చుకొనును. డబ్బులేమి యొక్కటే దీనికి కారణమనుకొనుట పొరపాటు. పాతది చౌక యన్నమాట నిజమే గాని, అంతకంటె బలమైన హేతువు వేఱొకటి కలదు: కూరగాయల సాళ్ళలో నడువదగిన ట్రాక్టరును గూర్చి పెద్ద కర్మాగారములవారు మనసుపెట్టి ఆలోచించినది ఒక పది పదునైదేండ్ల కాలము మాత్రమే. ఆ స్వల్పకాలపు చరిత్ర తెలిసినగాని పాత ట్రాక్టరును ఎంచుకొనుటలోని మర్మము బోధపడదు.

కూరగాయల సేద్యములో దున్నుట పెండ్లి వంటిదైతే కలుపు తీయుట సంసారము వంటిది. గోధుమ చల్లినవాడు కోతల వఱకు చేనిలో అడుగిడకున్నను జరిగిపోవును. ఉల్లి, క్యారెట్టు, బీటు, క్యాబేజి వేసినవాడు మొలక కనబడిన నాటినుండి ఆకులు కలిసి నేలను కప్పు వఱకు వారము వారము సాళ్ళ నడుమ ఇనుము నడపవలసినదే. మన మెట్టసీమలలో గుంటకయు దంతెయు చేయు పని ఇదియే. ఎద్దుల మూతులకు చిక్కములు కట్టి, మొక్క నలగకుండ, వేరు కదలకుండ, సాలు వెంబడి తోలుటకు ఎంత నేర్పు వలయునో తోలినవారికే తెలియును. అమెరికాలో, అందును దక్షిణ రాష్ట్రములలో, ఆ పని కంచరగాడిదలు చేసెడివి. కంచరగాడిద గిట్ట చిన్నది, అలవాటైన సాలును అది తప్పదు, నిలువుమన్న నిలుచును. తొలినాటి ట్రాక్టరుకు ఈ మూడు గుణములలో ఒక్కటియు లేకపోయెను.

1917లో హెన్రీ ఫోర్డు తన మోటారుకార్లను నిర్మించిన పద్ధతిలోనే ఫోర్డ్‌సన్ అను ట్రాక్టరును వేలకొలదిగా నిర్మింప మొదలిడెను. 1922లో పోటీదారులను పడగొట్టుటకై దాని వెలను 395 డాలర్లకు దించెను. సామాన్య రైతునకు ట్రాక్టరు అందుబాటులోనికి వచ్చినది అప్పుడే. కాని అది ఇనుప చక్రములతో, నేలకు దగ్గఱగా వ్రేలాడు పొట్టతో, దున్నుటకే పుట్టిన యంత్రము. మొలచిన పంట మీదుగా పోవుటకు దానికి ఎత్తు చాలదు. పైగా నాగలి ఏ మొద్దుకో బండకో తగిలి నిలిచిపోయిన క్షణమున ముందుభాగము పైకి లేచి, వెనుకకు తిరుగబడి, తోలువాని ప్రాణములు తీసిన సందర్భములు పెక్కు గలవు. కావున కూరగాయల రైతు దున్నుటకు ట్రాక్టరును, కలుపు తీయుటకు కంచరగాడిదను కూడ పోషింపవలసిన వాడయ్యెను. ఇంధనపు ఖర్చు ఒకవైపు, గడ్డి ఖర్చు మఱియొకవైపు. ఆ రెండు ఖర్చులు ఒక చిన్న కమతము భరింపగలది కాదు.

కొనువాడు మోసపోవుటయు ఆ కాలముననే ఆరంభమైనది. మినియాపోలిస్ నగరములో కొందఱు వ్యాపారులు ఫోర్డు అను ఇంటిపేరుగల వానినొకనిని తమలో చేర్చుకొని, ఆ పేరుతోనే ట్రాక్టరు కంపెనీ స్థాపించి, హెన్రీ ఫోర్డునకు ఏ సంబంధమును లేని నాసిరకపు యంత్రములను అమ్మిరి. నెబ్రాస్కా రాష్ట్రములోని పోల్క్ కౌంటీకి చెందిన విల్మట్ క్రోజియర్ అను రైతు అట్టిదొకటి కొని నష్టపడెను. అతడు శాసనసభ్యుడు కూడ నగుటచేత తన కష్టమును తనతోనే పోనీయలేదు. ఆ రాష్ట్రములో అమ్మదలచిన ప్రతి నమూనా ట్రాక్టరును లింకన్ నగరములోని విశ్వవిద్యాలయమువారు పరీక్షింపవలెననియు, అమ్ము సంస్థ రాష్ట్రము లోపలనే విడిభాగములు దొరకునట్లు చూడవలెననియు 1919లో శాసనమయ్యెను. పరీక్షలు 1920లో మొదలయ్యెను. అమ్మకపువాడు ఇరువది గుఱ్ఱముల బలమని చెప్పిన యంత్రము నిజముగా ఎంత బరువు లాగునో, గంటకు ఎంత ఇంధనము త్రాగునో ఆ పరీక్షాపత్రములలో అంకెలతో సహా వ్రాసియుంచిరి. డెబ్బది యేండ్ల వయసుగల ట్రాక్టరును నేడు కొనబోవువాడు సైతము ఆ పత్రమును తీసి చూచుకొనగలడు. ట్రాక్టర్ల చరిత్రలో యంత్రనిర్మాతల పేర్లే వినబడును గాని, కొనువాని పక్షమున నిలిచిన ఈ రైతునకు నేను వారితో సమానమైన స్థానమిత్తును.

సాళ్ళలోనికి ట్రాక్టరును ప్రవేశపెట్టుటకు తొలి గట్టి ప్రయత్నము చేసినవాడు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థలోని బెర్ట్ బెంజమిన్. అతని ఫార్మాల్ 1924లో వెలువడెను: వెనుక ఎత్తైన చక్రములు, ముందు దగ్గఱగా కూర్చిన చిన్న చక్రముల జత, నడుమ పంట నిలువదగిన ఖాళీ. మొక్కజొన్నకు, ప్రత్తికి అది చక్కగా సరిపోయెను; ఉల్లిమడికి మాత్రము మిక్కిలి పెద్దది. 1932లో అలిస్-చామర్స్ సంస్థ తన ట్రాక్టరుకు గాలి నింపిన రబ్బరు టైర్లను తొడిగి అమ్మనారంభించెను. 1940 నాటికి క్రొత్త ట్రాక్టర్లలో అధికభాగము రబ్బరు చక్రములతోనే వచ్చుచుండెను. దీనితో వేళ్ళను కోసివైచు ఇనుప పండ్ల బెడద తొలగెను.

1939 ఈ చరిత్రలో రెండు విధముల స్మరింపదగిన సంవత్సరము. ఆ యేట హెన్రీ ఫోర్డును, ఉత్తర ఐర్లండు రైతుబిడ్డయైన హ్యారీ ఫెర్గూసనును, చేయి చేయి కలిపి చేసికొనిన నోటిమాట ఒప్పందము ననుసరించి 9ఎన్ అను ట్రాక్టరును 585 డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. ఫెర్గూసను కనిపెట్టినది మూడు కడ్డీల అమరిక. పనిముట్టును గొలుసుతో వెనుక ఈడ్చుటకు మాఱుగా, క్రింద రెండు, పైన ఒకటిగా మూడు కడ్డీలతో యంత్రమునకే అతికించి, నూనె ఒత్తిడితో పైకెత్తుటకును దించుటకును వీలు కల్పించెను. నాగలి నేలలో దిగినకొలది ఆ లాగుడు వెనుక చక్రములను నేలకు అదిమి పట్టును. నాగలి రాతికి తగిలిన, మీది కడ్డీ ముందు భాగమును లేవనీయదు. తేలిక యంత్రము పెద్ద యంత్రపు పని చేయగలిగినది ఈ యుక్తి వలననే. హెన్రీ ఫోర్డు మనుమడు ఆ నోటి ఒప్పందమును రద్దు చేసి 1947లో స్వంతముగా 8ఎన్ అను నమూనాను వెలువరించెను. ఫెర్గూసను వ్యాజ్యము వేసి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లు రాబట్టెను. 1952 వఱకు 8ఎన్ ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యెను. నేటికిని అమెరికాలో చిన్న రైతు కొను మొదటి పాత ట్రాక్టరు తఱచుగా ఇదియే. ఇంగ్లండులో కోవెంట్రీ నగరమున 1946 నుండి 1956 వఱకు నిర్మింపబడిన చిన్న బూడిదరంగు ఫెర్గూసను దీనికి సోదరి. 1953లో ఫెర్గూసను సంస్థ మాసీ-హారిస్‌తో ఏకమయ్యెను, ఆ వంశమునకు చెందిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను 1960లో మద్రాసులో నెలకొనిన టాఫే సంస్థ నిర్మించుటచేత, గుంటూరు, నిజామాబాదు సీమల రైతు తన మాసీ వెనుక గొర్రు తగిలించి లిఫ్టు ఎత్తు ప్రతిసారియు ఫెర్గూసను యుక్తినే వాడుకొనుచున్నాడు.

రెండవ సంఘటనకు అంత ప్రఖ్యాతి రాలేదు; కూరగాయల రైతునకు మాత్రము అదియే ముఖ్యము. అదే 1939లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌వారు ఫార్మాల్-ఏ అను చిన్న ట్రాక్టరును వెలువరించిరి. అందులో ఇంజను యంత్రపు నడిమి గీత మీద ఉండదు. ఎడమ ప్రక్కకు జరుపబడి యుండును. ఆసనము కుడి ప్రక్కన. తోలువాడు కూర్చుండి తిన్నగా క్రిందికి చూచినచో సాలు కనబడును. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ వ్రేలాడు కఱ్ఱులు మొక్కకు ఇరుప్రక్కల మన్ను కదలించుట కనబడును. మెడ వెనుకకు త్రిప్పి చూచుచు ముందుకు తోలవలసిన దుస్థితి దీనితో తీఱిపోయెను. పనిముట్టు వెనుక నున్న ట్రాక్టరులో చక్రమును కొద్దిగా త్రిప్పినను వెనుక కఱ్ఱు ఎదుటి దిక్కుకు ఒరిగి మొక్కలను పెకలించును. కడుపు క్రింద నున్న కఱ్ఱు తోలువాని చేయి ఎటు పోయిన అటే పోవును. ఫెర్గూసను మూడు కడ్డీల అమరికను కొనియాడినవారు ఎందఱో కలరు. ఇంజనును జానెడు ప్రక్కకు జరిపిన ఈ బుద్ధిని కొనియాడినవారు కొలదిమందియే. నా దృష్టిలో సాలు సేద్యమునకు ఇది దానికి తీసిపోయిన ఆవిష్కరణము కాదు.

ఈ క్రమముననే 1947లో కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్‌లో ఫార్మాల్ కబ్ పుట్టెను. నలుబది ఎకరములకు లోబడిన కమతములకని సంస్థవారే ప్రకటించి అమ్మిన బుల్లి యంత్రమది. నాలుగు సిలిండర్లు, పది గుఱ్ఱముల బలమునకు అటునిటు. ఒక జత కంచరగాడిదలతో జీవించు రైతును ట్రాక్టరు రైతుగా మార్చుటయే దాని లక్ష్యము. 1979 వఱకు అది 2 లక్షలకు పైగా తయారయ్యెను.

అలిస్-చామర్స్‌వారు ఇంకను ఒక అడుగు ముందుకు వేసిరి. 1948లో అలబామా రాష్ట్రమున గాడ్స్‌డెన్ పట్టణములో వారు నిర్మింపనారంభించిన జి అను నమూనాను మొదటిసారి చూచినవారు ఇది వెనుకకు త్రిప్పి బిగించిన ట్రాక్టరేమో యని అనుకొనక మానరు. ఇంజను ఆసనమునకు వెనుక, ఇరుసు మీద ఉండును. తోలువాని ముందు ఇనుప గొట్టముల చట్రము, స్టీరింగు, దూరమున రెండు సన్నని చక్రములు తప్ప మఱేమియు లేదు. పాదముల ముందర అడ్డకడ్డీ. దానికి బిగించిన చిన్న కఱ్ఱులు. వానిని ఎత్తుటకు ఒక చేతిమీట. బరువు 1,300 పౌనులకు కొంచెము ఎక్కువ తక్కువగా, అనగా నేలను త్రొక్కి గట్టిపఱచు భయము లేనంతగా. అన్నిటికంటె మెల్లని గేరులో అది మనిషి నడక కంటె నెమ్మదిగా ప్రాకును. మూడంగుళముల ఉల్లి మొలకకు అంగుళమున్నర దూరముగా కఱ్ఱు పోవుట కన్నార్పక చూచుచు తోలవచ్చును. సుమారు 30 వేలు చేసి 1955లో ఆపివేసిరి.

ఎందుకు ఆపిరి? రెండవ ప్రపంచయుద్ధానంతరము 2,4-డి మొదలగు కలుపుమందులు అంగళ్ళలోనికి వచ్చెను. మందు చల్లిన చేనికి కఱ్ఱుతో పనిలేదు. కఱ్ఱుతో పనిలేని సేద్యమునకు సాలు చూడవలసిన అవసరము లేదు. చిన్న కమతములు పెద్ద కమతములలో కలిసిపోయెను; కూరగాయల సాగు కాలిఫోర్నియా వంటి రాష్ట్రముల విశాలక్షేత్రములకు తరలిపోయెను. 1954లో జరిగిన వ్యవసాయ గణనలో ట్రాక్టర్ల సంఖ్య గుఱ్ఱముల, కంచరగాడిదల సంఖ్యను మొదటిసారిగా మించినట్లు తేలెను. అనగా కంచరగాడిదను తప్పించుటకై పుట్టిన చిన్న ట్రాక్టరుకు తప్పింపవలసిన కంచరగాడిదయే లేకపోయెను. ఫార్మాల్-ఏ వంశమునకు చెందిన 140 అను నమూనా మాత్రము పొగాకు రైతుల పుణ్యమున 1979 వఱకు నిలిచెను. 1985లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, అలిస్-చామర్స్ సంస్థలు రెండింటి వ్యవసాయ విభాగములును పరుల చేతిలోనికి పోయినవి.

ఇట్లు పాకల మూలల పడియున్న యంత్రములకు పునర్జన్మ నిచ్చినవారు రసాయనములను విసర్జించిన సేంద్రియ రైతులు. కలుపుమందు వలదన్నవానికి మరల కఱ్ఱే గతి. కఱ్ఱు నడపవలెనన్న సాలు కనబడవలెను. సాలు కనబడు ట్రాక్టరును క్రొత్తగా చేయువారు నాడు అరుదైరి. కావున జి, కబ్, 140 అను పేర్లు వారి నోళ్ళలో మంత్రములవలె మెలగనారంభించెను. డాలరు విలువ పడిపోయిన మాట నిజమే యైనను, నేడు మంచి స్థితిలోనున్న జి ట్రాక్టరుకు పలుకు వెల అది క్రొత్తగా వచ్చిన నాటి వెలకంటె ఎన్నో రెట్లు. కలుపుమందు ఏ యంత్రమును మూలకు త్రోసెనో దానినే కలుపుమందును నిరాకరించినవారు వెలికి తెచ్చిరి.

అనుభవజ్ఞులు పాత ట్రాక్టరును చూచు తీరు ఈ చరిత్ర నుండి వచ్చినదే. వారు మొదట అడుగునది ఇంజను బలము కాదు, చక్రముల ఎడము. 8ఎన్ చక్రములను 48 అంగుళముల నుండి 76 అంగుళముల వఱకు జరుపవచ్చును. తమ మడి వెడల్పు ఆ ఎడములో ఇముడునా లేదా యని కొలిచి చూతురు, చక్రము మడి మీద నడచిన ట్రాక్టరు ఎంత మంచిదైనను నిరుపయోగము గనుక. పిమ్మట గేర్లు. 8ఎన్ అన్నిటికంటె చిన్న గేరులో పూర్తి వేగమున గంటకు మూడు మైళ్ళు మించి పోవును. నారు నాటుటకు, రోటావేటరు త్రిప్పుటకు అది మిక్కిలి వేగము. ఇంజను శక్తిని వెనుకనున్న పనిముట్టుకు అందించు పీటీఓ కడ్డీ విషయము మఱింత జాగ్రత్తగా చూడవలసినది. ఆ ట్రాక్టరులో క్లచ్చి త్రొక్కిన పీటీఓ కూడ ఇంజను నుండి విడిపోవును. కాని గడ్డికోత యంత్రపు బరువైన రెక్కలు తిరుగుచున్న వడితో గేరుపెట్టెను వెనుకనుండి త్రిప్పి, క్లచ్చి త్రొక్కియున్నను ట్రాక్టరును ముందుకు నెట్టుకొని పోవును. కంచెల మీదికి, కాలువలలోనికి పోయినవారు కలరు. దీనికి విఱుగుడుగా పీటీఓ కడ్డీకి ఒకవైపే తిరుగు చిన్న క్లచ్చి తగిలింతురు; అది లేని బండిని అమ్మువాడు చూపినచో దాని వెలను కూడ బేరములో కలిపి లెక్కించుకొనవలెను.

ఇంజనును అమ్మువాడు ముందుగా వేడిచేసి యుంచకుండ, చల్లగా నుండగానే స్టార్టు చేయుమని అడుగుదురు. నూనె కొలత కడ్డీని బయటికి లాగి, నూనె పాలవలె తెల్లబడి యున్నచో లోపల నీరు చేరినదని గ్రహింతురు. శీతదేశములలో రేడియేటరు నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మె చీలుట సామాన్యమైన వ్యాధి. నీలిపొగ వచ్చినచో ఉంగరములు అఱిగినవని అర్థము. అన్నిటికంటె ముఖ్యముగా, కఱ్ఱులు, అడ్డకడ్డీ, బిగింపులు బండితో కలిసి వచ్చునా యని విచారింతురు. ఆ కాలపు కబ్‌నకును జి-కిని ఫెర్గూసను మూడు కడ్డీల అమరిక లేదు. వాని పనిముట్లు వానికే ప్రత్యేకము. బండి చౌకగా కొని పనిముట్ల కొఱకు రాష్ట్రములు తిరిగినవారు రెండింతలు చెల్లించిరి. దున్నుటకు వేఱొక ట్రాక్టరును, కలుపునకు ఈ చిన్నదానిని ఉంచుకొనుట మంచిదని వారి అభిప్రాయము; ఒక్కదానితోనే సర్వమును చేయింపబూనినవాడు దున్నుటకు చాలినంత బరువును కోరి, సాలులో దిగవలసిన తేలికదనమును పోగొట్టుకొనును.

ఒక్క విషయమున ఈ పాతయంత్రముల పట్ల నా మమకారము సడలును. తిరుగబడినప్పుడు తోలువానిని కాపాడు ఇనుప చట్రము వీనిలో లేదు. స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు దీనిని తప్పనిసరి చేసెను. అమెరికా నిర్మాతలు 1985లో గాని తమంతట తాము అన్నింటికి అమర్చుటకు ఒడబడలేదు. వాలునేలలో, గట్లవెంట ఈ ట్రాక్టరును తోలరాదు. చట్రము అమర్చుటకు వీలున్న నమూనాకు ఆ ఖర్చును వెలలో భాగముగానే భావించవలెను.

తెలుగునాటికి ఈ చరిత్రలో సగమే చేరినది. 1963లో మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో చేయికలిపినది. కాని మన దేశమునకు వచ్చినది ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో రూపొందిన బి-275 గాని ఫార్మాల్-ఏ కాదు, కబ్ కాదు. దమ్ము చేయుటకు, బండి లాగుటకు తగిన యంత్రము వచ్చినది. సాలు చూపు యంత్రము రాలేదు. 1967లో బెంగళూరులో నెలకొనిన వీఎస్‌టీ సంస్థ జపానుకు చెందిన మిత్సుబిషి సహాయమున పవర్ టిల్లర్లను, పిమ్మట చిన్న ట్రాక్టర్లను నిర్మించి ఆ లోటును కొంత పూడ్చినది. రెండెకరముల టమాట, వంగ రైతు పాత ట్రాక్టరు కొనబోవునప్పుడు గుఱ్ఱముల బలమును, టైర్ల అఱుగుదలను, కాగితములను విచారించును గాని, తన బోదెల ఎడమును టేపుతో కొలిచి తీసికొనిపోవుట అరుదు. దుక్కికి ట్రాక్టరును అద్దెకు పిలిచి, కలుపునకు ఎద్దులను, కూలివారిని ఆశ్రయించుట నేటికిని పెక్కు గ్రామములలో కనబడుచున్నది. ఒకనాటి అమెరికా రైతు కంచరగాడిదను, ఫోర్డ్‌సన్‌ను కలిపి పోషించిన నాటి స్థితియే ఇది.

అమెరికాలో జి నమూనాకు మఱియొక పరిణామము కలిగినది. ఇంజను వెనుక విడిగా నుండుటచేత దానిని ఊడదీసి, ఆ స్థానమున విద్యుత్ మోటారును, బ్యాటరీలను అమర్చుట సులువని కొందఱు రైతులు కనుగొనిరి. మెల్లగా ప్రాకు పనికి మోటారు చక్కగా కుదిరినది, పొగయు చప్పుడును తొలగినవి. 2016లో అలబామాకు చెందిన యొక చిన్న సంస్థ, గాడ్స్‌డెన్‌లో జి పుట్టిన ఆ రాష్ట్రముననే, దాని పోలికలతో ఒగ్గున్ అను క్రొత్త ట్రాక్టరును నిర్మించి క్యూబా దేశపు చిన్న రైతులకు అమ్మదలచెను. క్యూబా ప్రభుత్వము సమ్మతింపలేదు. సంస్థ అమెరికాలోని రైతులనే ఆశ్రయింపవలసి వచ్చెను. దాని ఇంజను, పంపులు, బేరింగులు సాధారణపు అంగళ్ళలో దొరకునవే గాని ఆ ట్రాక్టరుకే ప్రత్యేకించినవి కావు. సంస్థ రేపు మూతపడినను రైతు దానిని బాగుచేసికొనగలుగవలెనని నిర్మాతలు ముందే అట్లు ఏర్పఱచిరి.